ఇన్‌హేలర్ రాస్తే సరిపోదు, పీల్పించి చూడాలి

సంపాదకులకు,

మా నాన్నకు సీఓపీడీ, అంటే శ్వాసనాళాలు ఇరుకైపోయి ఆయాసం వచ్చే దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు. రెండేళ్లు ఇన్‌హేలర్ వాడినా ఆయాసం తగ్గకపోతే మందు పనిచేయట్లేదనుకున్నాం. ఒకరోజు పక్కనే కూర్చుని చూశాను. నొక్కగానే మందు తెల్లటి పొగలా నోట్లోంచి బయటికి వచ్చేస్తోంది! ఇన్‌హేలర్‌కు స్పేసర్ (మందును కాసేపు పట్టి ఉంచే గొట్టం) తగిలించి, నెమ్మదిగా పీల్చి, 10 సెకన్లు ఊపిరి బిగబట్టమని ఒక నర్సమ్మ చూపించాకే నాన్నకు తేడా తెలిసింది.

ఇంకో మాట. ఇన్‌హేలర్‌లో వాడే సాల్బుటమాల్ అనే మందు నిమిషాల్లోనే శ్వాసనాళాలను వదులు చేస్తుంది గానీ ఆ ప్రభావం 4 నుంచి 6 గంటలే. టయోట్రోపియం అనే ఇంకో ఇన్‌హేలర్ మందు 24 గంటలు పనిచేస్తుంది, అందుకే రోజూ తీసుకోవాలి. ఆయాసం లేని రోజు నాన్న మానేసింది దాన్నే. ఈ సంగతి మాకెవరూ చెప్పలేదు. డాక్టర్లూ, మందు రాసిచ్చే ముందు రోగి చేత మీ ఎదుటే ఒకసారి పీల్పించండి, దయచేసి.

ఇట్లు,
ఒక కూతురు