సున్నుండల డబ్బాతో పాటు

అమ్మలూ,

శేషు మామయ్య విజయవాడ వస్తుంటే సున్నుండలు ఇచ్చి పంపుతున్నాను. మినుములు మన చేలోవే. నాన్నమ్మ మోకాళ్లు అలాగే ఉన్నాయి. పెయ్య దూడ పుట్టింది, నీ పేరే పెట్టమంటున్నాడు తమ్ముడు.

మూడు ఆదివారాలుగా నీ ఫోన్ లేదు. చదువుకుంటున్నావులే అనుకున్నాను. రత్నం గారి మనవడు మాత్రం నిన్ను పై సెక్షన్ నుంచి దించేశారని చెప్పి పోయాడు. వాడి మాట నేను నమ్మలేదు. నాన్నకూ చెప్పలేదు.

తలకి నూనె పెట్టుకుంటున్నావా? జనవరి జేఈఈ మెయిన్స్ సరిగా రాయకపోయినా ఏప్రిల్లో ఇంకోటి ఉంది, రెండింట్లో ఎక్కువ వచ్చిందే చూస్తారు. ఇంటర్‌ని మాత్రం తేలిగ్గా తీసుకోకు, మనకి ఎంసెట్, అదే ఇప్పటి ఈఏపీసెట్, ర్యాంకులో దానికి 25 శాతం. ఎంసెట్లో 160 ప్రశ్నలకి 80 లెక్కలే. తప్పుకి మార్కు కొయ్యరు, ఒక్కటీ వదలకు. మెయిన్స్‌లో కోస్తారు, అక్కడ గుడ్డిగా పెట్టకు. నీకు తెలియదని కాదు. పాఠం చెప్పకూడదనుకునే కూర్చున్నాను, చూడు.

1996లో నేనూ ఎంసెట్ రాశాను. తాతయ్య గుంటూరు తీసుకెళ్లి, మూడు గంటలూ వేపచెట్టు కింద గొడుగేసుకుని నిలబడ్డాడు. కెమిస్ట్రీ సగం వదిలేసి బయటికొచ్చాను. ఎలా రాశావే అంటే బాగా రాశానన్నాను. నాకు గోళీ సోడా కొట్టించి, తను తాగలేదు. ఊళ్లో దిగీదిగగానే రచ్చబండ దగ్గర చెప్పేశాడు. అప్పట్నుంచీ నాకు ముద్ద దిగలేదు. ఫీజుకి అరెకరం బేరం పెట్టాడని తెలిసినా నోరు పెగల్లేదు. ఫలితాలొచ్చిన రోజు పేపరు అరుగు మీద పరిచి, నా నంబరు కోసం వేలు పెట్టి మూడుసార్లు వెతికాడు. "అచ్చుతప్పు పడుంటుందిలేవే" అన్నాడు. ఆ మధ్యాహ్నం నేను గడ్డివాము వెనకాల కూర్చున్నాను. తిట్టుంటే బాగుండేది. తర్వాత బీఎస్సీలో చేరాను, అది వేరే సంగతి.

సెక్షన్ గురించి అడగడం లేదు. వారం వారం పరీక్ష పెట్టి పిల్లల్ని పైకీ కిందికీ మార్చడం ఏం పద్ధతో నాకు తెలీదు. ఏ సెక్షన్లో ఉన్నా లెక్కల సారు ఆయనేగా? మంచం ఫ్యాన్ కిందే ఉందా, అదీ మార్చారా?

ఆదివారం క్యూ ఎక్కువుంటే వార్డెన్ మేడమ్‌ని అడిగి రాత్రి చెయ్యి. ఫోన్ నా దగ్గరే ఉంచుకుంటాను, నాన్న ఎత్తడు. సున్నుండలు నలుగురికీ పెట్టు, నీకు నాలుగు దాచుకో. డబ్బా మూత వెనక పేరు రాశాను, పోయినసారిలా పోగొట్టకు.

అమ్మ