కిబుల్ ప్యాలెస్‌లో మా అమ్మకి తోడున్న అక్కకి థాంక్స్

మొన్న గ్లాస్గో బొటానిక్ గార్డెన్స్‌లో, మొక్కలు పెంచే గాజుమేడ కిబుల్ ప్యాలెస్‌లో మా అమ్మకి కళ్ళు తిరిగితే చెయ్యి పట్టుకుని బెంచీ మీద కూర్చోబెట్టి మీ ఫ్లాస్కులో వేడినీళ్ళు తాగించిన అక్కా, చాలా చాలా థాంక్స్ అండి. నేను వీల్‌చెయిర్ కోసం పరిగెత్తి వచ్చేసరికి అమ్మ తేరుకుని మీతో కబుర్లలో పడిపోయింది, జాన్ కిబుల్ అనే ఆయన ఇంటి దగ్గరున్న ఆ గాజుమేడని విప్పి, పడవలో తెచ్చి 1873లో ఇక్కడ తెరిచారని మీరు చెప్పారట, ట్రీ ఫెర్న్ (చెట్టులా పెరిగే ఫెర్న్ మొక్క) లేత ఆకు గోధుమరంగు నూగుతో చుట్ట చుట్టుకుని ఉంటే దగ్గరుండి చూపించారట, అమ్మ ఇంకా అదే చెప్తోంది. ఊరు కాని ఊళ్ళో సొంత మనిషిలా చూసుకున్నారు. ఒక్క మెసేజ్ పెట్టండక్కా, అమ్మ మీకోసం సున్నుండలు చేస్తానంటోంది.