ప్లాస్టిక్ రేణువుల పరీక్షలు మన నీళ్లకు దగ్గరగా జరగాలి

సంపాదకులకు నమస్కారం.

తాగే నీళ్లలో, తినే ఉప్పులో, చివరికి మనిషి నెత్తుటిలో కూడా ప్లాస్టిక్ రేణువులు బయటపడ్డాయన్న వార్తలు ఇటీవల తరచుగా చూస్తున్నాం. మీ పత్రిక కూడా వాటికి చోటిస్తోంది, సంతోషం. అయితే ప్రయోగశాలలో ఎలుకకు గానీ చేపకు గానీ పెట్టిన ప్లాస్టిక్ ఎలాంటిదో, ఎంత మోతాదులో పెట్టారో ఆ వార్తల్లో దాదాపు ఎప్పుడూ ఉండదు. చెన్నైలో చాలా ఏళ్లు డిగ్రీ విద్యార్థులకు రసాయనశాస్త్రం చెప్పాను. ఈ రేణువుల వల్ల మనకు హాని ఉందా, ఉంటే ఎంత అన్న ప్రశ్నకు జవాబు చాలావరకు ఆ రెండు వివరాల్లోనే ఉంటుందని నా గట్టి అభిప్రాయం.

5 మిల్లీమీటర్ల లోపు ముక్కలను మైక్రోప్లాస్టిక్ అనీ, వాటిలోనూ ఒక మైక్రాన్, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు కన్నా చిన్నవాటిని నానోప్లాస్టిక్ అనీ అంటున్నారు. వీటి ప్రభావం తెలుసుకోవడానికి చేసిన ప్రయోగాల్లో ఎక్కువ భాగం కంపెనీల నుంచి సీసాల్లో కొనుక్కున్న పాలీస్టైరీన్ అనే ఒక రకం ప్లాస్టిక్ పూసలతో జరిగాయి. అవన్నీ ఒకే సైజులో, నున్నగా, గుండ్రంగా ఉంటాయి కాబట్టి లెక్క కట్టడం సులువు, ఒక దేశంలో చేసిన ప్రయోగాన్ని మరో దేశంలో మళ్లీ చేసి చూడడమూ సులువు. ఆ సౌలభ్యాన్ని నేను తప్పుపట్టడం లేదు.

కానీ కాశిమేడు చేపల రేవుకు వెళ్లి, ఎండకు ఎండి వానకు తడిసిన వలతాడును ఒకసారి చేత్తో గట్టిగా నిమిరి చూడండి. నీలం, ఆకుపచ్చ రంగుల్లో సన్నని పీచు, దానితోపాటు తెల్లటి పొడి అరచేతికి అంటుకుంటాయి. ఎండలోని అతినీలలోహిత కిరణాలకు ప్లాస్టిక్ పైపొర ఆక్సీకరణ చెంది, బీటలు వారి, రాలిపోతున్న పొడి అది. చెన్నై నదులైన కూవంలోకీ అడయారులోకీ చేరే రేణువులు కూడా ఇలాంటివే: పాల కవర్ల తునకలు, పాలియెస్టర్ బట్టలు ఉతికినప్పుడు ఊడే పోగులు, రోడ్డు మీద అరిగిన టైర్ల నుసి. నీళ్లలో పడిన కొద్దిసేపటికే వాటి మీద సేంద్రియ పదార్థపు పొర, దాని మీద బ్యాక్టీరియా పొర పేరుకుంటాయి. జీవకణం ముందుగా తాకేది ఆ పొరనే. సీసాలోని కొత్త పూసకు ఇవేవీ ఉండవు.

నీళ్ల సంగతీ చూడాలి. తెలుగుగంగ కాలువ ద్వారా కండలేరు జలాశయం నుంచి చెన్నైకి దగ్గరలోని పూండి జలాశయానికి వచ్చే కృష్ణా జలంలో ఒండ్రు ఉంటుంది, కూవం సముద్రంలో కలిసే చోట ఉప్పదనం ఉంటుంది. ఉప్పు పెరిగితే నానో రేణువులు ఒకదానికొకటి అంటుకొని, బంకమట్టితో కలిసి అడుక్కి దిగిపోతాయి. శుద్ధమైన నీటిలో విడివిడిగా తేలే పూసల మీద జరిగిన ప్రయోగం ఈ నీళ్లలో ఏ ప్రాణికి ఎంత అందుతుందో చెప్పలేదు.

కొన్ని సందర్భాల్లో అసలు నేరం ప్లాస్టిక్‌ది కాదని కూడా తేలింది. కొనే పూసలు చెడిపోకుండా కంపెనీలు వాటి ద్రావణంలో సోడియం అజైడ్ వంటి విషపదార్థాలు కలుపుతాయి. వీటిని తొలగించకుండా పరీక్షిస్తే, డాఫ్నియా అనే చిన్న జలచరాన్ని చంపేది పూసలు కాదు, ఆ మందేనని కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2019లో చూపించారు. ఇక మోతాదు సంగతి. ప్రయోగాల్లో వాడిన గాఢతలు సముద్రంలో నిజంగా ఉండే గాఢతల కన్నా నూరు రెట్ల నుంచి కోటి రెట్ల దాకా ఎక్కువగా ఉన్నాయని 2016లోనే డెన్మార్క్ శాస్త్రవేత్తలు హెచ్చరించారు. మనిషి వారానికి 5 గ్రాముల ప్లాస్టిక్ మింగుతున్నాడని 2019లో ప్రపంచమంతా ప్రచారమైంది. నెదర్లాండ్స్‌లోని వాగనింగన్ విశ్వవిద్యాలయ బృందం 2021లో వేసిన అంచనా ప్రకారం ఒక మైక్రాన్‌కు పైబడిన రేణువులు పెద్దవాళ్లకు అందేది రోజుకు సుమారు 583 నానోగ్రాములు. ఈ రెండు లెక్కల మధ్య తేడా పది లక్షల రెట్లకు పైమాటే. ఏ లెక్కను పట్టుకొని ఎలుకకు మోతాదు నిర్ణయించారన్నది చిన్న విషయం ఎలా అవుతుంది?

దీన్నిబట్టి భయం లేదని ఎవరూ అనుకోకూడదు. నున్నటి పూసలతోనే పరీక్షలు చేస్తూ పోతే అసలు ప్రమాదం కంటపడకుండా పోయే అవకాశమూ అంతే ఉంది. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో వాన పడ్డాక వాగుల్లో కోహో సాల్మన్ చేపలు గుంపులుగా చనిపోయేవి. టైర్లలో కలిపే 6పీపీడీ అనే రసాయనం గాలిలోని ఓజోన్‌తో కలిసినప్పుడు పుట్టే క్వినోన్ అనే మరో రసాయనం వల్లే అవి చస్తున్నాయని 2020లో తేలింది. నిజమైన టైరు నుసిని నీళ్లలో నానబెట్టి చూశారు కాబట్టే అది దొరికింది. ఎన్ని పాలీస్టైరీన్ పూసలు వేసి చూసినా దొరికేది కాదు. అలాగే 2024లో ఇటలీ వైద్యులు మెడ ధమనుల్లోని కొవ్వు పూడికలో ప్లాస్టిక్ ఉన్న రోగులకు గుండెపోటు, పక్షవాతం, మరణం ముప్పు ఎక్కువగా ఉందని గమనించారు. ఆ ముప్పుకు కారణం ప్లాస్టికేనా, లేక రెండూ ఒకచోట కనబడ్డాయా అన్నది ఆ అధ్యయనం ఒక్కటే తేల్చలేదు. తేలాలంటే మన ఒంట్లోకి చేరే రకం రేణువులతో, చేరే మోతాదులో ప్రయోగాలు జరగాలి.

ఇది మన ఊళ్లో చేయదగ్గ పని. పళ్లికరణైలో జాతీయ తీర పరిశోధన కేంద్రం ఉంది, ఐఐటీ మద్రాస్ ఉంది, అన్నా విశ్వవిద్యాలయం ఉంది. వలతాళ్లు, పాల కవర్లు, టైరు నుసి, బట్టల పోగులు ఇక్కడే సేకరించి, ద్రవ నత్రజనిలో గడ్డకట్టించి పొడి చేసి, ఎండలో మాగబెట్టి, సైజుల వారీగా జల్లించి, అన్ని ప్రయోగశాలలూ వాడుకునేలా ఒక ఉమ్మడి నిల్వ ఏర్పాటు చేయాలని ఈ సంస్థలను కోరుతున్నాను. ఆహారంలో ఈ రేణువులను కొలిచే ప్రామాణిక పద్ధతుల కోసం భారత ఆహార భద్రత ప్రమాణాల సంస్థ 2024లో లక్నో, కొచ్చి, పిలానీ సంస్థలతో ఒక ప్రాజెక్టు మొదలుపెట్టింది. కొలిచే పద్ధతులతోపాటు పరీక్షకు వాడే రేణువులకూ ప్రమాణం ఉండాలి. ఖర్చు పెరుగుతుంది, ఒక్కో ప్రయోగానికి కాలమూ ఎక్కువ పడుతుంది. ఆ మాట తెలిసే అడుగుతున్నాను.

మీకూ ఒక విన్నపం. ఇకపై ఇలాంటి పరిశోధన గురించి రాసేటప్పుడు రేణువులు కొన్నవా, సేకరించినవా, వాటి సైజెంత, ఏ ప్రాణికి ఎంత మోతాదులో ఎన్నాళ్లు ఇచ్చారు అన్నది వార్తలోనే రెండు వాక్యాల్లో చెప్పమని మీ విలేకరులకు సూచించగలరు. పరిశోధన పత్రంలో ఆ వివరాలు లేకపోతే, లేవన్న సంగతీ రాయమనండి.

ఇట్లు,
ఒక విశ్రాంత రసాయనశాస్త్ర అధ్యాపకురాలు,
పెరంబూరు, చెన్నై