టెన్త్ రాసిన పిల్లల అమ్మానాన్నలకు

అందరికీ నమస్కారం. ఇంటర్ కాలేజీల వాళ్లు ఇళ్ల చుట్టూ తిరుగుతున్నారు కదా, తొందరపడి అడ్వాన్స్ కట్టేయకండి. నూజివీడు, ఇడుపులపాయ, ఒంగోలు, శ్రీకాకుళం ట్రిపుల్ ఐటీల్లో సీటు టెన్త్ మార్కుల మీదే ఇస్తారు. ఇంటర్‌తో కలిపి ఆరేళ్లలో బీటెక్ అయిపోతుంది. పాలిటెక్నిక్ డిప్లొమా ఎంట్రన్స్ అయిన పాలిసెట్‌కు మాత్రం టెన్త్ రిజల్ట్స్ కోసం ఆగకుండా అప్లై చేయాలి. మూడేళ్ల డిప్లొమా అయ్యాక ఈసెట్ అనే ఎంట్రన్స్ రాస్తే నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చు. ఆడపిల్లకు పాలిటెక్నిక్ ఎందుకు అనే మాట ఇకనైనా మానేద్దాం. ఐటీఐ అన్నా చిన్నచూపు వద్దు, ఎలక్ట్రీషియన్ ట్రేడ్ రెండేళ్లే.

కుల, ఆదాయ సర్టిఫికెట్లకు సచివాలయంలో ఇప్పుడే పెట్టుకోండి. ఆధార్‌లో ఇంటిపేరు స్పెల్లింగ్, హాల్‌టికెట్‌లో ఉన్నదీ ఒకటేనా చూసుకోండి. ఒక్క అక్షరం తేడా ఉన్నా కౌన్సెలింగ్ రోజు అనవసరపు టెన్షన్. అప్లికేషన్ నింపడం కష్టమైతే ఆదివారం పొద్దున స్కూల్ దగ్గరికి రండి, ల్యాప్‌టాప్ తెస్తాను.