పాత ఫ్లాటులో నెట్ తిప్పలు: శీనుకి ఉత్తరం

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం అందింది. బర్కత్‌పురాలో గాలీ వెలుతురూ ఉన్న ఇల్లు దొరికిందంటే చాలా సంతోషంరా. ఇక నెట్ సంగతికొద్దాం. 200 మెగాబిట్ల ప్లాను తీసుకున్నా 94 దాటట్లేదు, పడగ్గదిలో వీడియో ఆగిపోతోంది, సాయంత్రమైతే లైను పోతోంది అని రాశావు. ఈ మూడింటికీ కారణం ఒకటే అయ్యుండదు. కాబట్టి రౌటర్ మార్చేసే ఆలోచన ప్రస్తుతానికి మానుకో. పాత ఇళ్లలో తప్పు ఎక్కువసార్లు వైర్లలో, జాయింట్లలోనే ఉంటుంది.

ముందు ల్యాప్‌టాప్‌ని గుమ్మం పక్కనున్న ఓఎన్‌టీ (బయటి నుంచి వెలుగుతో నెట్ తెచ్చే ఫైబర్ అనే గాజు తీగ వచ్చి చేరే కంపెనీ పెట్టె) దగ్గరికి తీసుకెళ్లి, వైఫై ఆపేసి, మంచి ప్యాచ్ కార్డుతో (రెండు చివర్లా ప్లగ్గులున్న చిన్న నెట్ వైరు) నేరుగా పెట్టి స్పీడు చూడు. ఫోన్లో చూసిన స్పీడు లెక్కలోకి రాదు. కొన్ని ఓఎన్‌టీల్లో మొదటి పోర్టు ఒక్కటే గిగాబిట్‌ది, అంటే వెయ్యి మెగాబిట్లది, మిగతావి 100వి. అందుకని మొదటి దాంట్లోనే పెట్టు. అక్కడ 200 వచ్చిందంటే కంపెనీ తప్పేమీ లేదు, లోపలి గదిలోని రౌటర్‌కి గోడలోంచి వెళ్లే పాత వైరునే అనుమానించాలి.

94 అనే అంకే ఆ మాట చెబుతోంది. లింకు 100 దగ్గర ఆగిపోతే, డేటా మూటల (ప్యాకెట్ల) మీద రాసే చిరునామాల్లాంటి పైఖర్చులు పోను చేతికొచ్చేది 94, 95. వంద మెగాబిట్లకి నాలుగు తీగలు చాలు, గిగాబిట్‌కి ఎనిమిదీ ఆడాలి. రౌటర్ పోర్టే 100ది కాదని చూసుకున్నాక, వైరు రెండు చివర్లా ప్లగ్గుని వెలుతుర్లో పెట్టి రంగులు లెక్కపెట్టు. నాలుగే కనబడితే అది బహుశా పాత టెలిఫోన్ వైరు, దానితో లాభం లేదు. ఎనిమిదీ ఉంటే రెండు చివర్లూ కోసి కొత్త ప్లగ్గులు క్రింప్ చేయించు, అంటే పనిముట్టుతో నొక్కి బిగింపించు. వరస ఇది: నారింజ చార, నారింజ, ఆకుపచ్చ చార, నీలం, నీలం చార, ఆకుపచ్చ, గోధుమ చార, గోధుమ. జంటల మెలిక అరంగుళం మించి విప్పనివ్వకు.

కొత్త వైరు లాగాల్సొస్తే అసలు రాగి క్యాట్ 6 (గిగాబిట్ నెట్‌కి వాడే వైరు రకం) కొను. షాపులో తీగని బ్లేడుతో గీకి చూడు, లోపల తెల్లగా మెరిస్తే అల్యూమినియం మీద రాగి పూత వేసినది, వద్దు. పాత వైరు పైపులో కదులుతుంటే దాని తోకకే కొత్తది కట్టి లాగొచ్చు. ప్లగ్గు మాత్రం లాగాకే వెయ్యాలి. పైపు మూసుకుపోయుంటే బలవంతం చెయ్యకుండా గోడ అంచున కేసింగ్ పట్టీలో తీసుకెళ్లు. కరెంటు వైర్లున్న పైపులో మాత్రం పెట్టొద్దు.

సాయంత్రం లైను పోయినప్పుడు రీస్టార్ట్ చేసేయకు. ఓఎన్‌టీ లైట్లు చూసి, ఫోటో తియ్యి. లాస్ (LOS) లైటు ఎర్రగా ఉంటే ఫైబర్లో వెలుగు రావట్లేదు. పాన్ (PON) లైటు మిణుకుమంటుంటే వెలుగు చాలట్లేదు, లేదా అవతల కంపెనీ యంత్రంలో ఓఎన్‌టీ రిజిస్టర్ అవట్లేదు. పాన్ నిలకడగా ఉండి ఇంటర్నెట్ లైటు ఒక్కటే ఆరితే లాగిన్ గొడవ, కంపెనీ వాళ్లే చూడాలి. లైట్లన్నీ ఒకేసారి ఆరి వెలిగితే అడాప్టర్‌గానీ ప్లగ్ పాయింట్‌గానీ వదులైంది.

బ్రౌజర్లో తెరిచే ఓఎన్‌టీ సెట్టింగుల పేజీలో ఆర్‌ఎక్స్ పవర్ అని ఒక అంకె ఉంటుంది, అది ఫైబర్లో అందే వెలుగు బలం, డీబీఎం అనే కొలతలో. మైనస్ 15 నుంచి మైనస్ 25 డీబీఎం మధ్య ఉంటే నిశ్చింత. మైనస్ 27 దగ్గరికొచ్చిందంటే అంచు మీదున్నట్టే, ఇంకాస్త తగ్గినా లైను పోతుంది. మూడు డీబీ తగ్గితే వెలుగు సగమైపోతుంది మరి. పాత బిల్డింగుల్లో షాఫ్ట్‌లోంచి వచ్చే ఫైబర్ని కిటికీ గ్రిల్లుకి బిగించి కట్టేస్తారు, తలుపు సందులో నలిపేస్తారు. వంపు ఎక్కడా చిన్న నిమ్మకాయ కంటే ఇరుకుగా ఉండకూడదు. కనెక్టర్ మీద దుమ్ము రేణువు పడ్డా చాలు, ఎందుకంటే వెలుగు నడిచే దారి వెడల్పు 9 మైక్రాన్లే. ఆకుపచ్చ కనెక్టర్ని నీలం దాంతో కలపకూడదు. ఇంకోమాట, విప్పిన ఫైబర్ కొసలోకి కన్ను పెట్టి చూడొద్దురా, ఆ వెలుగు కంటికి కనబడదు, కానీ హాని చెయ్యొచ్చు. శుభ్రం చేసే పని లైన్‌మ్యాన్‌కే వదిలెయ్.

లైను పోకుండా నెమ్మదిస్తుంటే మాత్రం రెండు పింగ్‌లు (జవాబు ఎంత త్వరగా వస్తుందో చూసే పరీక్షలు) పక్కపక్కన నడుపు. ఒకటి రౌటర్‌కి, అది చాలాచోట్ల 192.168.1.1, ఇంకోటి గూగుల్ వాళ్ల 8.8.8.8కి. మొదటిది తడబడితే తప్పు ఇంట్లో, రెండోది మాత్రమే తడబడితే బయట.

ఇక పడగ్గది. తొమ్మిదంగుళాల ఇటుక గోడలు, మధ్యలో ఇనప బీరువా ఉంటే 5 గిగాహెర్ట్జ్ వైఫై అక్కడికి సరిగ్గా చేరదు. 2.4 చేరుతుంది గానీ చుట్టూ పదిళ్ల వైఫైలతో కొట్టుకుంటుంది. దాన్ని 20 మెగాహెర్ట్జ్ వెడల్పులో పెట్టి, 1, 6, 11 ఛానళ్లలో ఖాళీగా ఉన్నది ఎంచుకో. అసలు మందు ఏంటంటే, ఆ గదికీ ఒక క్యాట్ 6 లాగి రెండో రౌటర్ పెట్టడం. దాంట్లో డీహెచ్‌సీపీ (పరికరాలకి అడ్రసులు పంచే పని) ఆపేసి, అడ్రసు 192.168.1.2 లాంటిదేదైనా ఇచ్చి, వైరుని వాన్ పోర్టులో (బయటి నెట్‌కోసం ఉండేది) కాకుండా లాన్ పోర్టులో (ఇంట్లోని పరికరాలకోసం ఉండేది) గుచ్చు. వైఫై పేరూ పాస్‌వర్డూ మొదటి దానివే ఇవ్వు. రిపీటర్ కొనకు, అది అందుకున్న బలహీనమైన సిగ్నల్నే మళ్లీ పంచుతుంది, చాలావాటిలో స్పీడు సగానికి పడిపోతుంది.

ఓఎన్‌టీ దగ్గర వైరుతో వచ్చిన స్పీడు, ఆ మైనస్ అంకె, లైను పోయినప్పటి లైట్ల ఫోటో పంపు. లైన్‌మ్యాన్‌తో ఏం చెప్పాలో అవి చూసి రాస్తాను. అమ్మగారికి నమస్కారాలు చెప్పు.

నీ
రఘు