మాల్టా టూర్‌లో చూపిస్తామన్నవి చూపించలేదు: డబ్బు వాపసు కోరుతూ ఫిర్యాదు

గుంటూరు

టూర్ కంపెనీ మేనేజర్ గారికి,

విషయం: మీ మాల్టా ప్యాకేజీలో రాసిన చోట్లు చూపించకపోవడం గురించి.

అయ్యా,

సెప్టెంబరు మొదటి వారంలో నేనూ మా వారూ మీ కంపెనీ ద్వారా మాల్టా వెళ్ళి వచ్చాం. మనిషికి 2,40,000 రూపాయలు కట్టాం. నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో 28 ఏళ్ళు సోషల్ చెప్పి రిటైరయ్యాను. ఈ ప్రయాణం కోసం మేము చాలాకాలం డబ్బు దాచుకున్నాం. సముద్రంలో స్నానం చేయడానికైతే మాకు సూర్యలంక ఉంది, మాల్టా దాకా వెళ్ళక్కర్లేదు. మీ బ్రోచర్‌లో 'టూరిస్టులు చూడని మాల్టా' అని రాసి ఉంది. అది చదివే డబ్బు కట్టాం.

ఆ బ్రోచర్ మొదటి పేజీలో గోజో దీవిలోని అజూర్ విండో ఫొటో వేశారు. సముద్రంలో ద్వారబంధంలా నిలబడిన పెద్ద రాతి తోరణం అది. దాని దగ్గర ఫొటో దిగాలని మా వారు బయల్దేరినప్పటి నుంచీ అంటూనే ఉన్నారు. తీరా అక్కడికి వెళ్ళాక, అది 2017 మార్చి 8న తుఫానుకు కూలిపోయిందని మీ గైడే చెప్పాడు. ఎన్నో ఏళ్ళ క్రితం సముద్రంలో కలిసిపోయినదాన్ని చూపిస్తామని డబ్బు తీసుకోవడం ఏం పద్ధతి? మా వారు కాసేపు ఆ ఖాళీ నీళ్ళకేసి చూసి, ఏమీ మాట్లాడకుండా వచ్చి బస్సులో కూర్చున్నారు.

నాకు అంతకన్నా బాధ కలిగించింది హల్ సఫ్లియేని హైపోజియం. మూడో రోజు ప్రోగ్రాంలో దాని పేరు స్పష్టంగా ఉంది. 1902లో ఇళ్ళు కట్టడానికి తవ్వుతుంటే బయటపడిన భూగర్భ సమాధి గుహ అది. అయిదు వేల ఏళ్ళ కిందటి మనుషులు రాయిని తొలిచి, కింద గదుల మీద గదులు చేసుకున్నారు. ఊపిరి ఆవిరికి లోపలి ఎర్రరంగు చిత్రాలు పాడవుతాయని రోజుకు 80 మందినే పంపిస్తారు. టికెట్లు వారాల ముందే అయిపోతాయి. మా డబ్బు మీకు మే నెలలోనే ముట్టింది. నాలుగు నెలల్లో రెండు టికెట్లు కొనలేకపోయారా? ఆ రోజు పొద్దున 'టికెట్లు అయిపోయాయండీ' అని ఒక్క ముక్క చెప్పి, మమ్మల్ని ఒక వెండి నగల షాపుకీ, ముందు రోజు చూసిన బ్లూ లాగూన్ అనే సముద్రస్నానాల చోటికే మళ్ళీ ఇంకోసారీ తీసుకెళ్ళారు.

దాంతో చివరి రెండు రోజులు మీ గుంపు వదిలేసి మా అంతట మేమే సిటీ బస్సులెక్కి తిరిగాం. హజర్ ఇమ్, దాని కిందుగా సముద్రం వైపున్న ఇమ్నైద్రా చూశాం. ఈజిప్టు పిరమిడ్ల కన్నా పాత రాతి గుళ్ళు అవి. రాత్రీపగలూ సమానంగా ఉండే రోజుల్లో పొద్దుటి ఎండ ఇమ్నైద్రా గుమ్మంలోంచి నేరుగా లోపలికి పడుతుంది. డింగ్లీ దగ్గర మిస్రా గార్ ఇల్ క్బిర్ అనే చోట బండరాయి నిండా బండి చక్రాల జాడల్లాంటి గాళ్ళు ఒకదాన్నొకటి దాటుకుంటూ పోతున్నాయి. కొన్ని మోకాలి లోతు ఉన్నాయి. అవి ఎవరు చేశారో, ఎందుకో ఇప్పటికీ పండితులు ఒక మాట మీద లేరు. అక్కడ టికెట్ లేదు, గేటు లేదు. మేమిద్దరమే ఉన్నాం. మీ గైడుకు ఆ పేరే తెలియదు.

మర్నాడు చిర్కేవ్వాలో ఫెర్రీ ఎక్కి మళ్ళీ గోజో వెళ్ళాం, అరగంట కూడా పట్టలేదు. మార్సల్‌ఫోర్న్ పక్కన ష్వేయ్ని ఒడ్డున రాతిలో గళ్ళుగళ్ళుగా తొలిచిన ఉప్పు మడులున్నాయి. మా పుట్టిల్లు చినగంజాం. ఉప్పు మడుల పక్కనే పెరిగాను. మాకు మట్టి మడులు, అక్కడ రాతి మడులు, అంతే తేడా. ఒక పెద్దావిడ చీపురుతో ఉప్పు కుప్ప చేస్తోంది. నేను చూస్తూ నిలబడితే దోసెడు తీసి నా చేతిలో పోసింది. ఇంకా తడిగా, ఎండకి వెచ్చగా ఉంది. ఇంతమంచి చోటు మీ బస్సు ఆగే చోటికి పది నిమిషాల దూరంలో ఉంది. మీరు ఒక్కసారి కూడా తీసుకెళ్ళలేదు.

కాబట్టి మూడో రోజుకీ, గోజో రోజుకీ మా నుంచి తీసుకున్న మొత్తం ఇద్దరికీ వాపసు ఇవ్వాలి. మేము సొంతంగా పెట్టుకున్న బస్సు, ఫెర్రీ, టికెట్ల ఖర్చు కూడా చెల్లించాలి. రసీదులు, మీ బ్రోచర్ కాపీ, ప్రోగ్రాం కాగితం జత చేశాను. కూలిపోయిన తోరణం ఫొటో మీ బ్రోచర్లోంచి, ప్రకటనల్లోంచి వెంటనే తీసేయాలి. హైపోజియం టికెట్లు చేతికొచ్చాకే ఆ పేరు చెప్పి డబ్బు తీసుకోండి.

ఈ లేఖ అందిన 30 రోజుల్లోగా లిఖితపూర్వకంగా జవాబివ్వండి. రాకపోతే వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద తప్పుదోవ పట్టించే ప్రకటన, సేవాలోపం అని గుంటూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. నేనుండే ఊళ్ళోనే వేసుకునే హక్కు ఆ చట్టం ఇచ్చింది.

ఇట్లు,
మీ మాల్టా టూర్‌లో వచ్చిన రిటైర్డ్ సోషల్ టీచర్