కుక్కల నడక, ఆదివారం వైద్యం: 2025 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

చెన్నైలో పెరంబూరు, అయనావరం, ఐసీఎఫ్ (రైలు పెట్టెల కర్మాగారం) చుట్టుపక్కల ఉంటున్న మన తెలుగు కుటుంబాల సంఘం 2025లో చేసిన పనుల నివేదిక ఇది. ఉగాది పంచాంగ శ్రవణం, పిల్లల తెలుగు తరగతులు, కార్తీక వనభోజనాలు ఎప్పటిలాగే బాగా జరిగాయి. వాటి ఫొటోలు, జమాఖర్చులు ఇదివరకే అందరికీ పంపాం కాబట్టి మళ్లీ ఏకరువు పెట్టడం లేదు. ఈసారి నివేదికలో ఎక్కువ చోటు నిధుల కోసం ఫిబ్రవరిలో జరిపిన కుక్కల నడకకు, దానివల్ల ఏడాది పొడుగునా నడిచిన ఆదివారం పశువైద్య శిబిరానికి ఇస్తున్నాను. ఈ పనిని మెచ్చుకున్న సభ్యులున్నారు. "మనుషుల సంఘానికి కుక్కల గొడవ ఎందుకండీ?" అని సర్వసభ్య సమావేశంలో నిలదీసినవారూ ఉన్నారు. ఇద్దరికీ లెక్క చెప్పాలి.

ముందు శిబిరం సంగతి. 1903లో మొదలై, ఇప్పుడు వేపేరిలో ఉన్న మద్రాసు పశువైద్య కళాశాలలో చదువుకున్న డాక్టర్లు కొందరు, ఆదివారం పొద్దున తమ సెలవు వదులుకుని వచ్చి ఫీజు లేకుండా వైద్యం చేస్తున్నారు. మన సభ్యుడొకరు తన ఇంటి పక్క రేకుల షెడ్డు ఇచ్చారు. ఒక స్టీలు బల్ల, సెలైన్ తగిలించే స్టాండు, టీకాల ఐస్ పెట్టె, అంతే సామగ్రి. డాక్టర్లు ఉచితంగా వస్తారు గానీ మందులు ఉచితంగా రావు. గ్లౌజులు, కుట్లు వేసే దారం, మత్తుమందు, నులిపురుగుల మాత్రలు, రేబిస్ టీకాలు, అన్నీ కొనాల్సిందే. టీకా మందు 2 నుంచి 8 డిగ్రీల మధ్య చల్లగా ఉండాలి. కరెంటు ఎక్కువసేపు పోతే మందు పాడవుతుంది. ఈ ఖర్చులకు చందాల పుస్తకం పట్టుకుని ఇల్లిల్లూ తిరగడం కన్నా, కుక్కలున్నవాళ్లూ లేనివాళ్లూ కలిసి ఒక పొద్దున నడిస్తే బాగుంటుందని మన మహిళా విభాగం వాళ్లు అన్నారు. నడక అలా పుట్టింది.

ఆరు గంటలకల్లా బయల్దేరాం. ఎండ ముదిరితే తారు రోడ్డు కుక్కల పాదాలను కాలుస్తుంది, పైగా పేపర్ మిల్స్ రోడ్డులో బళ్ల రద్దీ మొదలయ్యేలోపు ముగించాలి. రేబిస్ టీకా కాగితం చూపించని కుక్కకు ప్రవేశం లేదని నెల ముందే చెప్పాం. కాగితం లేనివాళ్లు తిరు వి.క. నగర్‌లోని కార్పొరేషన్ పెంపుడు జంతువుల క్లినిక్‌కు వెళ్లి వేయించుకొచ్చారు. ఆ ఒక్క నిబంధన వల్లే మన వీధుల్లో ఎన్నో ఇళ్ల కుక్కలకు తప్పిపోయిన టీకా పడింది. నా మటుకు నాకు, డబ్బు కన్నా ముందు చెప్పుకోవాల్సిన లాభం ఇదే.

లాబ్రడార్లు, పగ్‌లు, ఒక తెల్లటి రాజపాళయం జాతి కుక్క వచ్చాయి. వాటితో సమానంగా మెళ్లో పట్టీ కట్టుకుని మన వీధి నాటుకుక్కలూ నడిచాయి. వాటిని పట్టుకుంది వాటికి రోజూ అన్నం పెట్టేవాళ్లే: టీ కొట్టు అన్న, పూలమ్మే అక్క, తెల్లవారకముందే చీపురు పట్టే మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల పారిశుద్ధ్య కార్మికులు. పిల్లలు ప్రతి మలుపులో గిన్నెలతో నీళ్లు పెట్టారు. కుక్కలంటే చిన్నప్పటి నుంచీ భయపడే రిటైర్డ్ రైల్వే పెద్దాయన ఒకరు, దగ్గరికి రాలేనని చెప్పి, కూడలిలో ఈల ఊదుతూ బళ్లు ఆపారు. చివరి కుక్క దాటేదాకా ఆయన అక్కణ్ణుంచి కదల్లేదు. ఆయనకు సంఘం తరఫున ప్రత్యేకంగా కృతజ్ఞతలు.

కుక్కల గొడవ ఎందుకన్నవారికి నా సమాధానం ఆ పెద్దాయన పక్షం నుంచే మొదలవుతుంది. కుక్కంటే భయం తప్పు కాదు. ప్రపంచంలో ఏటా దాదాపు 59 వేల మంది రేబిస్‌తో చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అందులో మూడో వంతుకు పైగా మన దేశంలోనే. లక్షణాలు బయటపడ్డాక బతకడం దాదాపు అసాధ్యం. కానీ ఒక ప్రాంతంలో నూటికి 70 కుక్కలకు టీకా పడితే, వాటి మధ్య రోగం పాకడం ఆగిపోతుంది. కుక్కను కన్నెత్తి చూడని మనిషికి కూడా మన శిబిరం వల్ల రక్షణ ఉందని చెప్పడానికి ఇంతకన్నా వేరే లెక్క అక్కర్లేదు.

కుక్కలన్నిటినీ పట్టుకుపోతే పోదా అని అడుగుతారు. ఈ నగరానికి ఆ అనుభవం ఉంది. దశాబ్దాల పాటు పట్టి చంపారు, సంఖ్య తగ్గలేదు. తిండి దొరికే వీధి ఖాళీ అయితే పక్క పేట కుక్కలు వస్తాయి, వాటికి టీకా ఉందో లేదో ఎవరికీ తెలియదు. జంతు సంరక్షణ సంస్థ బ్లూ క్రాస్ వాళ్లు 1964లో ఇదే మద్రాసులో కుక్కలకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు మొదలుపెట్టారు, 1996లో కార్పొరేషన్ ఆ పద్ధతిని స్వీకరించింది. ఆపరేషన్, టీకా చేసి, గుర్తుగా చెవి కొసన చిన్న గాటు పెట్టి, పట్టుకొచ్చిన చోటే వదలడం. ఈనాటి 2023 కేంద్ర నిబంధనల్లోనూ ఉన్నది అదే.

ఆగస్టులో సుప్రీంకోర్టు ఉత్తర్వులు వచ్చినప్పుడు మన వాళ్లలో పెద్ద అలజడి రేగింది. 11వ తేదీన ఢిల్లీ, దాని చుట్టుపక్కల వీధికుక్కలన్నిటినీ షెల్టర్లకు తరలించమన్నారు. 22న దాన్ని సవరించి, ఆపరేషన్, టీకా అయ్యాక వాటి చోటే వదలాలని, రేబిస్ సోకినవాటిని, మీద పడే స్వభావం ఉన్నవాటిని మాత్రం వదలొద్దని, తిండి పెట్టడానికి ప్రత్యేక స్థలాలు కేటాయించాలని చెప్పారు. నవంబరు 7న బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల వంటి చోట్ల నుంచి కుక్కలను తీసేసి, తిరిగి అక్కడ వదలకూడదన్నారు. మనం ఎవరి పక్షమూ వహించి వాదనలోకి దిగలేదు. పిల్లలు ఆడుకునే చోటికి, మెట్లకు, గేట్లకు దూరంగా అన్నం పెట్టే స్థలాన్ని పెట్టేవాళ్లనూ వద్దనేవాళ్లనూ కూర్చోబెట్టి నిర్ణయించాం. తిన్నాక ఆకులు, కాగితాలు ఎత్తేయడం పెట్టినవాళ్ల పూచీ. అప్పటి నుంచి ఈ విషయంలో సంఘానికి వచ్చే ఫిర్యాదులు బాగా తగ్గాయి.

శిబిరంలో ఏం జరుగుతుందో చూడనివారి కోసం ఒక్క ఆదివారం సంగతి. పూలమ్మే అక్క తన కుక్క మణిని గోనెసంచిలో చుట్టి ఎత్తుకొచ్చింది. చెవి వెనక పుండు, లోపల పురుగులు. వాసనకు షెడ్డులో నిలబడలేకపోయాం. అక్క తన కొంగు మణి కళ్ల మీద కప్పి, "ఇదిగో అయిపోయింది, అయిపోయింది బంగారం" అంటూ తల పట్టుకుని కూర్చుంది. డాక్టరమ్మ వంగిన నడుము ఎత్తకుండా పట్టకారుతో ఒక్కొక్క పురుగునూ తీసి, పుండు కడిగి, మళ్లీ టార్చి వేసి వెతికి, మిగిలినవి తీశారు. మందు పెట్టడం, కట్టు మార్చడం మాత్రం ఆ తర్వాత రోజూ జరగాలి. అది అక్కే చేసింది, పూలబుట్ట పక్కన పెట్టుకుని. ఎండాకాలం నిండా పిడుదుల జ్వరాలు. చిగుళ్లు తెల్లగా పాలిపోయి, అన్నం ముట్టని కుక్కలే ఎక్కువ వచ్చాయి. దీపావళి మర్నాడు బాణసంచా మోతకు పారిపోయి దెబ్బలు తగిలించుకున్నవి వచ్చాయి.

నడకలో వచ్చిన డబ్బంతా మందులకు, టీకాలకు, ఐస్ పెట్టెకు వాడాం. రసీదులు కోశాధికారి దగ్గర ఉన్నాయి, ఎవరైనా చూడవచ్చు. మనకిప్పుడు డబ్బు కన్నా మనుషుల కొరత ఎక్కువ. ఆపరేషన్ అయిన కుక్క కుట్లు మానేదాకా కొన్నాళ్లు పొడి చోట ఉండాలి, పొద్దునా సాయంత్రం ఎవరో ఒకరు చూడాలి. ఆ పని ఇప్పుడు ముగ్గురు నలుగురి మీదే పడుతోంది. వాళ్లలో ఇద్దరు అరవై దాటినవారు. నడక రోజు రోడ్డు నిండా కనిపించిన మనం, కుట్లు చూడాల్సిన సాయంత్రం కనిపించడం లేదు. చోటు చాలక డాక్టర్లు కొన్ని ఆపరేషన్లు వాయిదా వేయాల్సి వచ్చింది. ఇది నాకు చాలా బాధ కలిగించిన విషయం.

కుక్కలున్న సభ్యులకు ఒక మాట. కార్పొరేషన్ లైసెన్సు, మైక్రోచిప్ ఇప్పుడు తప్పనిసరి, లైసెన్సు లేకపోతే 5,000 రూపాయల జరిమానా. ఇక కుక్క కరిచినా గీరినా, పసుపో కారమో అద్దకండి. సబ్బుతో, ధారగా పడే నీళ్లతో 15 నిమిషాలు కడిగి, అదే రోజు ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లండి. టీకా అక్కడ ఉచితం. మొదటి సూది వేయించుకుని మిగతావి మానేయవద్దు.

రాబోయే నడక కూడా ఫిబ్రవరిలోనే. ఈసారి నమోదు కాగితంలో రెండో పేజీ చేర్చాం: నెలకు ఎన్ని సాయంత్రాలు శిబిరానికి ఇవ్వగలరు, ఏ రోజుల్లో, కుక్కను తాకగలరా లేక బండి నడపడం, మందులు తేవడం వంటి పనులు చేస్తారా అని. కుక్కలంటే భయమున్నవారికీ అందులో పని ఉంది. సంక్రాంతి ముగ్గుల పోటీ రోజున ఆ కాగితాలు మన మండపంలో దొరుకుతాయి. నింపి మహిళా విభాగం వారికి ఇవ్వండి.

ఇట్లు,
కార్యదర్శి